డిగ్రీ అయ్యాక ఆర్మీలో చేరడం: లోన్ తీర్చే స్కీమా, జీఐ బిల్లా?

చైతన్య_ప్లేనో:
అందరికీ నమస్కారం. నా వయసు 23. నాన్న ఉద్యోగం మీద వచ్చిన గ్రీన్ కార్డు, చేతికొచ్చి మూడేళ్ళు దాటింది. టెక్సస్‌లోనే ఒక పబ్లిక్ యూనివర్సిటీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో డిగ్రీ అయింది. ఫెడరల్ లోన్ 21 వేల డాలర్లు, అది కాక ప్రైవేట్ లోన్ 9 వేలు ఉన్నాయి. ఉద్యోగాలకు అప్లై చేసి చేసి విసుగొచ్చింది. చిన్నప్పటి నుంచి యూనిఫాం మీద ఇష్టం ఉంది, ఏదో ఉద్యోగం దొరక్క పోతున్నానని మాత్రం అనుకోకండి.

రిక్రూటర్‌ని కలిశాను. డిగ్రీ ఉంది కాబట్టి నేరుగా ఈ-4 ర్యాంకు (సిపాయిల ర్యాంకుల్లో కింద నుంచి నాలుగో మెట్టు) ఇస్తారట, లోన్ మొత్తం ఆర్మీయే కట్టేస్తుందట, మూడేళ్ళు చేసి బయటికొస్తే జీఐ బిల్ (సర్వీసు చేసినవాళ్ళకు చదువు ఖర్చు ఇచ్చే పథకం) మీద మాస్టర్స్ ఫ్రీ అట. ఇవన్నీ ఒకేసారి వస్తాయా? డిగ్రీ ఉన్నవాడు ఆఫీసర్‌గా పోకుండా సిపాయిగా పోవడం తెలివితక్కువా? ఇంట్లో అమ్మ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వాదన_వీరయ్య:
ఫ్రీ అన్న మాట వినపడితే జేబు తడుముకోవాలి తమ్ముడూ. కంప్యూటర్ డిగ్రీ పెట్టుకుని తుపాకీ తుడవడానికి పోతావా? మార్కెట్ ఇవాళ బాగోలేదు, రేపు బాగుపడుతుంది. సంతకం పెట్టాక మాత్రం నీ ఇష్టం ఉండదు.

లాజిస్టిక్స్_రాజు:
చైతన్యా, నేను గ్రీన్ కార్డు మీదే చేరాను, సప్లై పనిలో నాలుగేళ్ళు చేసి బయటికొచ్చి ఇప్పుడు జీఐ బిల్ మీద చదువుతున్నాను. ఒక్కోటీ చెప్తాను.

ఈ-4 మాట నిజమే. ఆర్మీలో బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే స్పెషలిస్ట్ ర్యాంకుతో మొదలవ్వచ్చు. ఎయిర్‌ఫోర్స్, నేవీలో అదే డిగ్రీకి ఈ-3 ఇస్తారు. 2025 లెక్కల ప్రకారం కొత్త ఈ-4కి బేసిక్ పే నెలకు సుమారు మూడు వేల డాలర్లు. పెళ్ళి కాకపోతే ఉండేది బ్యారక్స్‌లో, తినేది మెస్‌లో, వైద్యం ట్రైకేర్ అనే మిలిటరీ ఇన్సూరెన్సులో. కాబట్టి మూడు వేలు చూసి మరీ తక్కువ అనుకోకు.

లోన్, జీఐ బిల్ రెండూ అన్నాడు చూడు, అక్కడే నీకు సగం చెప్పి సగం మింగాడు. యాక్టివ్ ఆర్మీలో లోన్ రీపేమెంట్ స్కీము గరిష్ఠంగా 65 వేల వరకు ఉంది. కానీ ఆ స్కీము తీసుకుంటే మొదటి మూడేళ్ళ సర్వీసు పోస్ట్-9/11 జీఐ బిల్ (ఇప్పుడు అందరూ జీఐ బిల్ అనేది దీన్నే) లెక్కలోకి రాదు. ఆ మూడేళ్ళూ లోన్‌కే జమ. జీఐ బిల్ నూటికి నూరు శాతం రావాలంటే 36 నెలలు యాక్టివ్ డ్యూటీ కావాలి. అంటే రెండూ పూర్తిగా దక్కాలంటే ఆరేళ్ళు. నువ్వు నాలుగేళ్ళకు సంతకం పెట్టి లోన్ స్కీము తీసుకున్నావనుకో, మిగిలిన ఒక్క ఏడాదికి 60 శాతమే వస్తుంది.

పైగా లోన్ ఒకేసారి తీర్చరు. ఏడాది సర్వీసు పూర్తయ్యాక అసలులో మూడో వంతు చొప్పున, మూడేళ్ళు. వడ్డీ నువ్వే కట్టుకోవాలి. కట్టిన మొత్తం నీ ఆదాయం కింద లెక్క, పన్ను పట్టుకున్నాకే లోన్ సంస్థకు వెళ్తుంది. ప్రైవేట్ లోన్ 9 వేలకు ఈ స్కీముతో సంబంధమే లేదు.

నీ 21 వేల కోసం జీఐ బిల్‌ని వెనక్కి నెట్టుకోవడం నాకైతే దండగే అనిపిస్తుంది. లక్ష డాలర్ల అప్పు నెత్తిన ఉన్నవాడి సంగతి వేరు.

చైతన్య_ప్లేనో:
థాంక్స్ అన్నా. ఈ మూడేళ్ళ ముక్క రిక్రూటర్ అసలు ఎత్తలేదు. మరి లోన్ స్కీము వద్దనుకుంటే సర్వీసులో ఉండగా ఆ వడ్డీ ఎలా?

లాజిస్టిక్స్_రాజు:
సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. చేరకముందు తీసుకున్న అప్పుల మీద, సర్వీసులో ఉన్నంతకాలం వడ్డీ 6 శాతం దాటకూడదు. ఫెడరల్‌కీ, ప్రైవేట్‌కీ రెండింటికీ వర్తిస్తుంది. నీ ప్రైవేట్ లోన్ వడ్డీ ఎంతో నాకు తెలీదు కానీ 11, 12 ఉంటే అది సగానికి పడుతుంది. ప్రైవేట్ వాళ్ళకు ఆర్డర్స్ (సర్వీసులో చేరమని ఇచ్చే ఉత్తర్వులు) కాపీ జతచేసి లెటర్ రాయాలి. మన ఊళ్ళో బ్యాంకు నుంచి తెచ్చుకున్న ఎడ్యుకేషన్ లోన్‌కి ఈ చట్టం అక్కరకు రాదు, ఎవరైనా చదువుతారని చెప్తున్నాను.

బ్యారక్స్‌లో ఉండి పెద్ద ఖర్చుల్లేకుండా చూసుకుంటే 21 వేలు నువ్వే తీర్చేయగలవు. కొత్త మస్టాంగ్ కొనకుండా ఉంటే చాలు. నవ్వకు, మొదటి జీతం రాగానే బేస్ గేటు బయటున్న కార్ల షాపుకి పరిగెత్తని కుర్రాడిని నేను చూడలేదు.

హెచ్1బి_బాధితుడు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను హెచ్1బి మీద ఉన్నాను, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయింది. ఆర్మీలో చేరితే సిటిజన్‌షిప్ త్వరగా వస్తుందని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?

లాజిస్టిక్స్_రాజు:
మీ రూమ్మేట్ పాత కబురు చెప్తున్నాడు. మావ్ని అని ఒక పథకం ఉండేది, హిందీ లాంటి భాషలు వచ్చినవాళ్ళనీ, డాక్టర్లు, నర్సులనీ వీసా మీద ఉన్నా తీసుకునేవాళ్ళు. 2016లో కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశారు. ఇప్పుడు గ్రీన్ కార్డు చేతిలో ఉండాల్సిందే. ఐ-140 చాలదండీ.

హెచ్1బి_బాధితుడు:
గ్రీన్ కార్డు వచ్చేసరికి నాకు రిటైర్మెంట్ వయసు వస్తుంది. సరే, మీరు కానివ్వండి.

సుబ్బలక్ష్మి_ఎడిసన్:
బాబూ చైతన్యా, నేను మీ అమ్మగారి వైపు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి బయాలజీ డిగ్రీ చేసి ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది. చెప్పిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మావారు "డాక్టర్ అవుతుందనుకుంటే ఇదేంటి" అని ఒకటే గొణుగుడు. మీ అమ్మగారికి మిలిటరీ అంటే టీవీలో చూసే యుద్ధమే గుర్తొస్తుంది. నువ్వు ఏ పనిలో చేరబోతున్నావో, రోజంతా ఏం చేస్తావో కూర్చోబెట్టి చెప్పు. మా అమ్మాయి హాస్పిటల్ ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుందని తెలిశాకే నాకు నిద్ర పట్టింది.

ట్రైనింగ్‌లో ఫోన్ తీసేసుకుంటారని ముందే చెప్పు. మొదటి ఫోన్ అరనిమిషం కూడా రాదు. కాగితం చూసి చదువుతున్నట్టు "అమ్మా, క్షేమంగా చేరాను, అడ్రస్ ఉత్తరంలో వస్తుంది" అని గబగబా చెప్పి పెట్టేసింది. ఏదో అయిపోయిందని నేను ఏడ్చాను. అందరి చేతా అలాగే చదివిస్తారని తర్వాత తెలిసింది.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. పౌరసత్వం వచ్చాక ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేయాలి కదా, తర్వాత అందరిలా ఓసీఐ (వీసా లేకుండా ఇండియా వెళ్ళిరావడానికి ఇచ్చే కార్డు) తీసుకోవచ్చులే అనుకుంటారు. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళకూ, చేసి రిటైరైనవాళ్ళకూ ఓసీఐ ఇవ్వరని భారత ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. ఊరెళ్ళాలంటే వీసానే. మా అమ్మ గుంటూరులో ఉంటుంది, మనవరాలు రావాలంటే నెలల ముందు నుంచే కాగితాలు మొదలుపెడతాం. యూనిట్ పర్మిషన్ కూడా ఉండాలి.

చైతన్య_ప్లేనో:
ఓసీఐ సంగతి నాకు అస్సలు తెలియదు ఆంటీ. మా తాతయ్య, నానమ్మ తెనాలిలో ఉంటారు. ఇది ఆలోచించుకోవాల్సిందే.

గోదావరి_కుర్రాడు:
మాది తాడేపల్లిగూడెం దగ్గర. మా పక్కనే మాధవరం, దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు. అక్కడ పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే "మిలిటరీ" అని ఛాతీ విరుచుకుని చెప్తారు. అమెరికా వెళ్ళిన మనోళ్ళు మాత్రం అదే మాటకి మొహం ముడుచుకుంటారేంటో. టాపిక్‌కి సంబంధం లేకపోతే మన్నించండి.

వాదన_వీరయ్య:
సొంత దేశం సైన్యం వేరు, ఇది వేరు. ఆ చర్చ వద్దులే. లెక్క మాట్లాడదాం. ఈ కుర్రాడికి ఆరు నెలల్లో ఏ 65 వేల ఉద్యోగమో దొరికిందనుకో. మూడేళ్ళలో రెండు లక్షలకు దగ్గర. కంపెనీలు కూడా మాస్టర్స్ ఫీజులో కొంత ఇస్తాయి. ఆర్మీలో మూడేళ్ళు మూడు వేల చొప్పున లక్షా ఎనిమిది వేలు. అందులోనూ ఇతనికి ఐటీ పని దొరుకుతుందని గ్యారంటీ ఉందా?

లాజిస్టిక్స్_రాజు:
వీరయ్యగారు ఈసారి సరైన చోటే పట్టుకున్నారు. చైతన్యా, గ్రీన్ కార్డు వాళ్ళకు సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వరు. సైబర్, ఇంటెలిజెన్స్ ఉద్యోగాలు మూసుకున్నట్టే. ఐటీ స్పెషలిస్ట్ అని 25బి అనే పని ఉంది, దానికీ సీక్రెట్ క్లియరెన్స్ కావాలి. ఇప్పుడు చేరితే నాలాగా సప్లైయో, వంటో, మెకానిక్కో, మెడిక్ (గాయపడ్డవాళ్ళకు ప్రథమ చికిత్స చేసే సిపాయి) పనో దొరుకుతుంది. సిటిజన్ అయ్యాక పని మార్చుకోవచ్చు, కానీ సాధారణంగా మళ్ళీ సంతకం పెట్టే సమయంలోనే.

పౌరసత్వం మాత్రం మామూలు దారికన్నా త్వరగా వస్తుంది. 2001 సెప్టెంబర్ 11 నుంచి ఇప్పటిదాకా యుద్ధకాలం కిందే లెక్క కాబట్టి ఐదేళ్ళు ఆగక్కర్లేదు, ఫీజు లేదు. యూనిట్ వాళ్ళు ఎన్-426 అనే సర్వీసు ధ్రువీకరణ ఫారం మీద సంతకం చేస్తే దాన్ని జతచేసి ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) పెట్టాలి. కానీ దీనికో మెలిక ఉంది. మొత్తం ఐదేళ్ళ సర్వీసు నిండకుండా చెడ్డ డిశ్చార్జ్‌తో బయటపడితే, ఇచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే అధికారం చట్టంలో ఉంది.

ఆఫీసర్ సంగతి. ఓసీఎస్‌కి (డిగ్రీ ఉన్నవాళ్ళను ఆఫీసర్లుగా తయారుచేసే స్కూలు) పౌరసత్వం తప్పనిసరి, ఆస్‌వాబ్ అనే సైన్యం ప్రవేశ పరీక్షలో జీటీ అనే విభాగం స్కోరు 110 కావాలి. ఫోర్ట్ బెన్నింగ్‌లో 12 వారాలు. సెకండ్ లెఫ్టినెంట్ బేసిక్ పే 2025లో దాదాపు నాలుగు వేలు. ఓసీఎస్ దారిలో ఆఫీసర్ అయితే ఆ సర్వీసు జీఐ బిల్‌కి లెక్కకొస్తుంది. వెస్ట్ పాయింట్ (ఆర్మీ సొంత అకాడమీ), ఆర్‌ఓటీసీ (కాలేజీలో ఉండగానే ఇచ్చే ఆఫీసర్ శిక్షణ) స్కాలర్‌షిప్ వాళ్ళకు మాత్రం అందుకు బదులుగా చేయాల్సిన సర్వీసు లెక్కకు రాదు.

నీకు దారులు రెండు. ఇంకో రెండేళ్ళు ఆగి, మామూలుగానే సిటిజన్ అయి, నేరుగా ఓసీఎస్‌కి అప్లై చేయడం. లేదా ఇప్పుడే సిపాయిగా చేరి, పౌరసత్వం తెచ్చుకుని, లోపలి నుంచి అప్లై చేయడం. రెండోదానికి నీ కమాండర్ రికమెండేషన్ ఉండాలి, యూనిట్ నిన్ను వదలాలి. మా యూనిట్‌లో ఒకడు ఇలాగే పోయాడు, ఇంకొకడి ఫైలు డిప్లాయ్‌మెంట్ వచ్చి ఆగిపోయింది. "లోపలికి వచ్చాక ఓసీఎస్ పంపిస్తాం" అని రిక్రూటర్ నోటితో చెప్తే ఈ చెవితో విని ఆ చెవితో వదిలెయ్.

క్యాంపస్_డెస్క్:
నేను ఒక యూనివర్సిటీలో వెటరన్స్ ఆఫీసులో పనిచేస్తాను, విద్యార్థుల క్లాసులు వీఏకి (జీఐ బిల్ డబ్బు ఇచ్చే వెటరన్స్ శాఖ) సర్టిఫై చేసేది నేనే. జీఐ బిల్ మీద ఇక్కడ "ఫ్రీ" అన్న మాట చాలాసార్లు వినపడింది కాబట్టి లోపల ఏముందో చెప్తాను.

మొత్తం 36 నెలల చదువుకు డబ్బు. నీకు డిగ్రీ ఉంది కాబట్టి ఒక మాస్టర్స్ అయ్యాక కూడా నెలలు మిగులుతాయి, అది డిగ్రీతో చేరినవాళ్ళకున్న లాభం. నూరు శాతం అర్హత ఉంటే పబ్లిక్ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ ట్యూషన్ (ఆ రాష్ట్రం వాళ్ళకుండే ఫీజు) మొత్తం వస్తుంది. ప్రైవేట్‌లో ఏడాదికి పరిమితి ఉంది, 2025-26కి సుమారు 30 వేలు. పేరున్న ఎంబీఏ కాలేజీల ఫీజు దానికి రెండింతలు దాటుతుంది. ఆ తేడా కోసం యెల్లో రిబ్బన్ అని ఉంది, కాలేజీ కొంత ఇస్తే వీఏ అంతే కలుపుతుంది. ఏ కాలేజీ ఎంతమందికి, ఎంత ఇస్తుందో అప్లై చేసే ముందే అడగండి.

పుస్తకాలకు ఏడాదికి వెయ్యి వరకు. అసలు విలువ హౌసింగ్‌లో ఉంది. క్యాంపస్ ఉన్న పిన్‌కోడ్‌లో, కుటుంబం ఉన్న ఈ-5కి ఇచ్చే ఇంటి అలవెన్సు నీకిస్తారు, పన్ను లేకుండా. డాలస్ చుట్టుపక్కల నెలకు రెండు వేలు దాటుతుంది. కానీ అన్ని క్లాసులూ ఆన్‌లైన్ అయితే దేశ సగటులో సగమే. ఒక్క క్లాసైనా గదిలో కూర్చుని వింటే పూర్తి రేటు కిందకు వస్తావు. ఆ ఒక్క క్లాసు పెట్టుకోక నెలకు వెయ్యికి పైగా పోగొట్టుకున్నవాళ్ళు మా కౌంటర్‌కి ప్రతి సెమిస్టర్ వస్తారు.

సెమిస్టర్ల మధ్య సెలవులకు అలవెన్సు రాదు. డిసెంబర్ చివర, ఆగస్టు మొదట్లో ఖాతా ఖాళీగా ఉంటుంది, అద్దె మాత్రం ఆగదు. క్లాసు మధ్యలో వదిలేస్తే ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమని వీఏ నుంచి ఉత్తరం వస్తుంది. ఫుల్‌టైమ్ కోర్సుల్లో సగం గానీ, అంతకన్నా తక్కువ గానీ తీసుకుంటే హౌసింగ్ అసలే రాదు.

తొందరేమీ లేదు కూడా. 2013 జనవరి 1 తర్వాత బయటికొచ్చినవాళ్ళకు గడువు తీసేశారు. మాస్టర్స్ ఇప్పుడే చేయాలని రూలేం లేదు.

చైతన్య_ప్లేనో:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ. సర్వీసులో ఉండగా చదివితే జీఐ బిల్ ఖర్చవుతుందా?

క్యాంపస్_డెస్క్:
సర్వీసులో ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకు, అప్పుడు హౌసింగ్ రాదు, నెలలు మాత్రం కరిగిపోతాయి. దానికి బదులు ట్యూషన్ అసిస్టెన్స్ (సర్వీసులో ఉన్నవాళ్ళకు ఆర్మీ ఇచ్చే ఫీజు సాయం) వాడుకో. క్రెడిట్ అవర్‌కి 250 చొప్పున, ఏడాదికి 4,500 వరకు. మాస్టర్స్‌కి కూడా ఇస్తారు. సాయంత్రాలు రెండేసి కోర్సులు చేసుకుంటూ పోతే, బయటికొచ్చేసరికి సగం అయిపోతుంది.

టెక్సస్ నుంచి చేరుతున్నావు కాబట్టి హేజిల్‌వుడ్ కూడా గుర్తుపెట్టుకో. టెక్సస్ వెటరన్లకు ఈ రాష్ట్రపు పబ్లిక్ కాలేజీల్లో 150 క్రెడిట్ అవర్ల వరకు ట్యూషన్ మాఫీ. అద్దె డబ్బులు రావు, ట్యూషన్ వరకే. వాడుకోని గంటలు పిల్లలకు కూడా రాసివ్వచ్చు. చేరేటప్పుడు కాగితాల్లో హోమ్ ఆఫ్ రికార్డ్ (చేరే నాటికి నీ సొంత రాష్ట్రం) టెక్సస్ అని పడిందో లేదో చూసుకో.

సుబ్బలక్ష్మి_ఎడిసన్:
జీఐ బిల్ కూడా భార్యకో భర్తకో పిల్లలకో ఇవ్వచ్చు కదా? మా అమ్మాయి ఏదో అంది.

క్యాంపస్_డెస్క్:
ఇవ్వచ్చమ్మా, కానీ ఆరేళ్ళ సర్వీసు అయ్యాక, ఇంకో నాలుగేళ్ళు చేస్తానని రాసివ్వాలి. అదీ సర్వీసులో ఉండగానే చేయాలి. బయటికొచ్చాక గుర్తొస్తే లాభం లేదు.

వాదన_వీరయ్య:
నేషనల్ గార్డ్ సంగతి ఎవరూ ఎత్తరేం? నెలకు ఒక శని, ఆదివారం, ఏడాదికి రెండు వారాలు. ఉద్యోగం చేసుకుంటూనే పోవచ్చు.

లాజిస్టిక్స్_రాజు:
మంచి దారే, ఐటీ ఉద్యోగం దొరికితే అదే చెప్తాను. కానీ ఆ శని, ఆదివారాలు పోస్ట్-9/11 జీఐ బిల్‌కి లెక్క కావు. ఆరేళ్ళకు రాసిస్తే వేరే రిజర్వ్ జీఐ బిల్ ఇస్తారు, అది నెలకు 500 డాలర్లకు లోపే. యాక్టివ్ డ్యూటీకి పిలిస్తే అప్పుడు గడియారం మొదలవుతుంది.

ఇంకో మాట అందరూ మర్చిపోతారు. కాంట్రాక్టు నాలుగేళ్ళదైనా, మూడేళ్ళదైనా మొత్తం బాధ్యత ఎనిమిదేళ్ళు. మిగిలినవి రిజర్వ్ జాబితాలో పేరుంటుంది. మామూలుగా ఎవరూ పిలవరు, పిలిస్తే పోవాలి.

అడ్మిన్:
ఏ దేశం సైన్యం గొప్పదన్న దాని మీద వచ్చిన పోస్టులు తీసేశాను. విషయం మీదే మాట్లాడండి.

చైతన్య_ప్లేనో:
అప్‌డేట్. రిక్రూటర్ ఆఫీసుకి మళ్ళీ వెళ్ళాను. లోన్ స్కీము తీసుకుంటే మూడేళ్ళు జీఐ బిల్‌కి పోతాయట కదా అని అడిగితే, కాసేపు స్క్రీన్ వైపు చూసి "అవును, టెక్నికల్‌గా" అన్నాడు. నా కోసం సిద్ధం చేసిన కాగితాల్లో ఆ లోన్ స్కీము అనెక్స్ (కాంట్రాక్టుకి జతచేసే అనుబంధ పత్రం) అసలు లేనే లేదు. నోటి మాటే. ఓసీఎస్ గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మకి ఆంటీ పోస్టు చదివి వినిపించాను, "ఆవిడ నంబరు ఉంటే అడుగు" అంది, అంటే కోపం కాస్త తగ్గినట్టే. నాన్న మాత్రం రెండేళ్ళు ఆగి ఆఫీసర్‌గా పొమ్మంటున్నాడు. ఈ రెండేళ్ళు ఏం చేయాలో ఆయన దగ్గరా జవాబు లేదు. నేను మాత్రం లోన్ స్కీము వదిలేసి, నాలుగేళ్ళ కాంట్రాక్టు, మెడిక్ పని వైపు మొగ్గుతున్నాను. పౌరసత్వం వచ్చాక ఓసీఎస్ చూసుకుంటాను, రాకపోయినా జీఐ బిల్ పూర్తిగా ఉంటుంది. తెనాలికి మాత్రం చేరకముందే ఒకసారి వెళ్ళొస్తాను, ఈ పాస్‌పోర్టు మీదే.

వాదన_వీరయ్య:
నేనైతే మీ నాన్న పక్షమే. కానీ లెక్క చూసుకుని వెళ్తున్నావు, ఇక నేనేం అనను.

లాజిస్టిక్స్_రాజు:
మెడిక్ అంటే శాన్ ఆంటోనియోలో ట్రైనింగ్, ఇంటికి దగ్గరే. మెప్స్ (వైద్య పరీక్షలు చేసి, కాంట్రాక్టు రాయించే కేంద్రం) రోజు గురించి చెప్తాను విను. ముందు రాత్రి హోటల్లో పెడతారు, తెల్లవారుజామున నాలుగింటికే లేపుతారు. రక్తం, మూత్రం, చెవి, కన్ను, లోదుస్తులతో బాతులా నడిపించడం, అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. నిద్ర లేదు, ఆకలి. సరిగ్గా అప్పుడే కౌన్సిలర్ ముందు కూర్చోబెట్టి ఉద్యోగాల జాబితా చూపిస్తారు. "మెడిక్ ఇవాళ ఖాళీ లేదు, ఇంకోటి తీసుకో, బోనస్ ఉంది" అనచ్చు. లేదంటే లేచి ఇంటికి వచ్చెయ్, ప్రమాణం చేయనంతవరకు నిన్నెవరూ ఆపలేరు.

డీడీ ఫారం 4 (అసలు కాంట్రాక్టు అదే), దాని వెనకున్న అనెక్స్‌లు పేజీ పేజీ చదువు. మెడిక్ పని కోడ్ 68డబ్ల్యూ అని, ఏళ్ళు నాలుగు అని, ర్యాంకు ఈ-4 అని ఉండాలి. ర్యాంకు కోసం డిగ్రీ ట్రాన్‌స్క్రిప్ట్ యూనివర్సిటీ నుంచి సీలు వేసినది తీసుకెళ్ళు, ఫోటోకాపీ ఒప్పుకోకపోతే ఈ-1గా పంపేసి తర్వాత సరిచేస్తామంటారు. గ్రీన్ కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు ఒరిజినల్స్. ఇండియా వెళ్ళొస్తానన్నావు కదా, ఆ ప్రయాణం తేదీలు రిక్రూటర్‌కి ముందే చెప్పి రాయించు.